ఫిల్మ్‌నగర్ దంపతుల రెండు కవర్లు

1994 మార్చిలో నేను నగరంలోని ఒక జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా ఉన్నాను. చేరి పద్నాలుగు నెలలయింది. నా చదువు ఎలక్ట్రికల్ డిప్లొమా. విద్యుత్తు శాఖలో పడతాననుకుని పరీక్షలు రాస్తూ రిజిస్ట్రేషన్ శాఖలో తేలాను. నాకు అప్పగించిన పనులు మూడు: అయిదో నంబరు పుస్తకం రాయడం, ఇనప్పెట్టెలోని కవర్లను ఏడాదికోసారి ఆ పుస్తకంతో సరిచూడటం, రిజిస్ట్రారు గారు ఎవరింటికైనా వెళ్లి పని చేయవలసి వస్తే సామాను సంచీ పట్టుకుని వెంట వెళ్లడం.

అయిదో నంబరు పుస్తకమంటే బయటివాళ్లకు పెద్దగా తెలియదు. వీలునామాను మా శాఖలో రెండు రకాలుగా భద్రం చేసుకోవచ్చు. రిజిస్టరు చేయిస్తే కార్యాలయం దాన్ని చదివి నకలు ఎత్తి పెట్టుకుంటుంది. అలా కాకుండా కవరులో పెట్టి, లక్కముద్ర వేసి, జిల్లా రిజిస్ట్రారు దగ్గర డిపాజిట్ చేయవచ్చు. అప్పుడు లోపల ఏముందో మేం చదవం. కవరు మీది పేరు, అందులోని పత్రం ఏమిటన్న మాట, తీసుకున్న రోజు, గంట, మనిషిని గుర్తుపట్టిన సాక్షుల పేర్లు, ముద్ర మీద కనిపించే అక్షరాలు మాత్రం అయిదో నంబరు పుస్తకంలో ఎక్కించి, కవరును అగ్గి అంటని ఇనప్పెట్టెలో పెడతాం. రాసిన మనిషి బతికుండగా అడిగితే ఆ మనిషికే తిరిగి ఇస్తాం. పోయిన తరువాత ఎవరైనా దరఖాస్తు పెట్టుకుంటే వాళ్ల ఎదుట తెరిచి, మూడో నంబరు పుస్తకంలోకి నకలు ఎత్తి, అసలును మళ్లీ పెట్టెలో పెడతాం. ఈలోగా కవరు తెరిచే హక్కు రిజిస్ట్రారుకు కూడా లేదు.

అప్పటి మా రిజిస్ట్రారు రాజలింగం గారు. కరీంనగర్ వైపు మనిషి. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆయనా నేనూ ఫిల్మ్‌నగర్ వెళ్లాం. జబ్బుతో రాలేని మనిషి దరఖాస్తు పెట్టుకుంటే, కారణం సరైనదని తోస్తే, రిజిస్ట్రారు ఇంటికే వెళ్లి వీలునామా తీసుకోవచ్చు. దీన్ని మేం ప్రైవేట్ అటెండెన్స్ అంటాం. దరఖాస్తు పెట్టినవారు వెంకటరత్నం గారు. మద్రాసు నుంచి పరిశ్రమతోపాటు తరలివచ్చిన సౌండ్ రికార్డిస్టు, అరవై మూడేళ్లు. భార్య శారదాంబ గారు ఇరవై ఏళ్లు డబ్బింగు చెప్పిన మనిషి. సోమవారం బంజారా హిల్స్‌లోని ఒక ఆసుపత్రిలో ఆయనకు గుండె ఆపరేషన్. దంపతులిద్దరూ ఎవరి వీలునామా వారు అదే రోజు డిపాజిట్ చేయదలిచారు. పిల్లలు లేరు. వసంత అనే పాతికేళ్ల అమ్మాయి వారితో ఉండేది.

వారి వకీలు తయారు చేసి ఇచ్చిన కవర్లు మా దగ్గర చెల్లలేదు. పైన పేరు ఉంది కాని లోపలిది వీలునామా అని రాయలేదు. ఒకదాని లక్క పగిలిపోయింది. రాజలింగం గారు కొత్త కవర్లు వాడమని చెప్పి, మంచం పక్క కుర్చీలో కూర్చుని వెంకటరత్నం గారిని మామూలుగా అడగవలసిన ప్రశ్నలు అడగసాగారు: పేరు, తండ్రి పేరు, ఇష్టపూర్వకంగా చేస్తున్నారా, ఎవరైనా బలవంతపెట్టారా. పని త్వరగా తెమలాలని నేను గుడ్డ అంటించిన రెండు కవర్ల మీద రెండు పేర్లూ ముందే రాసి బల్ల మీద పక్కపక్కన పెట్టాను. శారదాంబ గారు పాత కవర్లు చింపి వీలునామాలు బయటికి తీశారు. ఒకే టైపు, ఒకే రకం కాగితం, ఒకే విధంగా మూడు మడతలు. ఆమె వాటిని ఒక్కోటి ఒక్కో కొత్త కవరు మీద ఉంచారు. ఇంతలో హాల్లో ఫోను మోగింది. ఆమె లేచి వెళ్లారు.

ఫ్యాను గాలికి రెండు కాగితాలూ కింద పడ్డాయి. నేను వంగి తీశాను. తీసేటప్పుడు కళ్లు పక్కకు తిప్పుకున్నాను. సిబ్బంది వీలునామా చదవకూడదన్నది మాకు నేర్పిన మొదటి నియమం. నేను నియమాలు గట్టిగా పట్టుకునేవాణ్ణి. చూడకుండానే చెరో కవరు మీద పెట్టాను. శారదాంబ గారు తిరిగి వచ్చి, ఎలా ఉన్నవి అలాగే లోపలికి దూర్చారు. కొవ్వొత్తి వెలిగించి లక్క కరిగించి పోశాను. వెంకటరత్నం గారి ఉంగరంతో రెండింటికీ ముద్ర వేశారు. మూడుంపావుకు రసీదులు ఇచ్చాం. నాలుగున్నరకు కవర్లు ఇనప్పెట్టెలో ఉన్నాయి.

వచ్చేటప్పుడు కారు జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఆగింది. అక్కడ నాకు తట్టింది: కింద పడ్డ కాగితాల్లో ఏది ఎవరిదో నాకు తెలియదు.

మరుసటి రోజు రెండో శనివారం, సెలవు. నేను గదిలో కూర్చుని ఒక తెల్ల కాగితం మీద జరిగింది వరసగా రాసుకున్నాను. సరిగ్గా పడి ఉండవచ్చు, తారుమారై ఉండవచ్చు, సగానికి సగం. తూకం వేసి తెలుసుకోవచ్చా అని ఆలోచించాను. కాగితాలు సమానం, లక్క సమానం కాదు, కనుక వీల్లేదు. వెలుతురుకు పట్టి చూద్దామంటే గుడ్డ కవర్లు. అసలు పెట్టె తాళమే నా దగ్గర లేదు. ఎవరికీ చెప్పకపోతే ఏమవుతుందన్నది కూడా రాశాను. ఆ ప్రశ్న కింద ఏమీ రాయలేకపోయాను. ఆపరేషన్ టేబుల్ మీద మనిషికి ఏమైనా అయితే, ఆయన పేరున్న కవరు మా ఆఫీసులో నలుగురి ఎదుట తెరుస్తారు. అందులోంచి ఆయన భార్య వీలునామా బయటికి వస్తే ఆ గదిలో ఎలా ఉంటుందో మళ్లీ మళ్లీ కళ్లకు కట్టేది.

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి రాజలింగం గారి ఇంటికి నడిచి వెళ్లాను. ఆయన ఎర్రగడ్డలో ఉండేవారు. మార్కెట్‌కు వెళ్లారని చెప్పారు. వెళ్లి చూస్తే బీరకాయలు ఏరుతున్నారు. నన్ను చూసి సంచీ నా చేతికిచ్చారు. అక్కడే చెప్పేశాను.

ఆయన చేతిలోని బీరకాయ కుప్పలో పెట్టేశారు.

"నువ్వు చూసినవా, తారుమారైందని?"

"చూడలే సార్."

"మరి తప్పైందని ఎట్ల చెప్తున్నవ్?"

"తప్పైందని చెప్తలేను సార్. కాలేదని చెప్పలేకపోతున్న."

ఆయన నా చేతిలోని సంచీ తిరిగి తీసుకున్నారు. తరువాత, "కరెంటు పని చదివినవ్ కదా," అన్నారు. "తీగెలు తప్పు కలిపితే గప్పుడే షాక్ కొడ్తది. కాయితం గట్ల కొట్టదు. పదేండ్లకు కొడ్తది. శుక్రారమే కారుల జర నోరు తెరిస్తే ఏంబోయేది నీకు?"

జేబులోంచి శనివారం రాసుకున్న కాగితం తీసి ఇచ్చాను. ఆయన కళ్లజోడు సర్దుకుని అక్కడే నిలబడి చదివారు. చివరి అంశం దగ్గర ఆగారు. అది ఇది: ఉన్నవి రెండే కవర్లు, కనుక ఒకటి తెరిస్తే రెండోదాని సంగతి తెలిసిపోతుంది. శారదాంబ గారు రాసిన మనిషి కనుక తన కవరును తానే వెనక్కి తీసుకోవచ్చు. ఆపరేషన్‌కు వెళ్లబోయే మనిషిని కదిలించనక్కర లేదు.

"ఇది మంచిగున్నది," అని కాగితం మడిచి తన జేబులో పెట్టుకున్నారు. సెలవు రోజు అయినా కారణం రాసి ఆఫీసు తెరుస్తానన్నారు. మధ్యాహ్నం రెండింటికి ఆమెను తీసుకురావడం నా పని. ఆమె నన్ను ఇంట్లోంచి వెళ్లగొడితే ఏం చేయాలని అడిగాను. వెళ్లగొట్టించుకుని గేటు బయట నిలబడమన్నారు.

చెక్‌పోస్టు దగ్గర బస్సు దిగి ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కాను. సాయంత్రం అయిదుకు ఆసుపత్రిలో చేరాలి కనుక ఇంట్లో అందరూ ఆ హడావిడిలో ఉన్నారు. వసంత ఫ్లాస్కు, దుప్పటి, మందుల డబ్బా సర్ది వరండాలో పెడుతోంది. శారదాంబ గారు నన్ను చూసి రసీదులో ఏదైనా సంతకం మిగిలిందా అన్నారు. లోపల ఆయన పడుకుని ఉన్నారని, మెల్లగా మాట్లాడమని కూడా చెప్పారు. వరండా మెట్ల మీద కూర్చుని విషయం చెప్పాను.

"నేను ఫోను కోసం లేచినప్పుడు పడ్డాయా?" అన్నారు ఆమె.

"అవునమ్మా. నేనే తీసిన. చూడకుంట పెట్టిన."

"చూడకుండా ఎలా పెట్టావు బాబూ?"

"చదవొద్దని రూలు."

"పేరు చదివితే వీలునామా చదివినట్టా?"

ఆమె గొంతు పెంచలేదు. ఇరవై ఏళ్లు చీకటి గదిలో నిలబడి మాటలు చెప్పిన మనిషి కనుక తగ్గించి మాట్లాడినా ప్రతి అక్షరం తగిలేది. "ఎవరి పెదవుల మీద ఎవరి మాట పడాలో నేనెప్పుడూ తప్పలేదు. గవర్నమెంటు వారొచ్చి నా కాగితం ఆయన కవర్లో పెట్టి వెళ్లారేమో, ఇప్పుడు నేను తెలుసుకోవాలి," అన్నారు.

తరువాత లోపల ఏముందో ఆమే చెప్పారు. ఇల్లు వెంకటరత్నం గారి పేరిట ఉంది. ఆయన తల్లి ఇంకా బతికే ఉన్నారు, ఏలూరులో పెద్దకొడుకు ఇంట్లో. వీలునామా లేకుండా ఈయన పోతే ఆస్తిలో సగం భార్యకు, సగం తల్లికి వెళుతుంది. తల్లి వాటా అంటే అన్నగారి కొడుకుల వాటాయే. ఆపరేషన్ సంగతి తెలిసిన నాటి నుంచి ఇల్లు ఎంతకు పోతుందని వాళ్లు దళారులను అడుగుతున్నారట. వసంత ఈయన దగ్గర పనిచేసిన ఒక సహాయకుడి కూతురు. సెట్టు మీద ప్రమాదంలో తండ్రి పోతే ఏడేళ్ల పిల్లను తెచ్చి పెంచారు. దత్తత కాగితం రాయించలేదు. ఇల్లు భార్యకు, ఆమె తరువాత వసంతకు అని ఆయన రాశారు. తనకున్న కొద్దిపాటిదీ అలాగే అని ఆమె రాశారు.

"ఆయన వీలునామా నా పేరున్న కవర్లోంచి, నా చేతుల మీదుగా బయటికొస్తే కోర్టులో ఏమంటారు? ముసల్ది మొగుడి కాగితం పుట్టించిందంటారు. ఆ పిల్ల ఎక్కడికి పోతుంది?"

వసంత దుప్పటి మడత పెడుతూ ఆగింది. అంతా వినే ఉంటుంది. ఆమె నావైపు చూడలేదు. "పిన్నీ, బాబాయికి నేను తోడుంటాను, నువ్వు వెళ్లిరా," అంది.

రెండుంపావుకు ఆఫీసుకు చేరాం. రాజలింగం గారు లుంగీ మార్చి ప్యాంటు వేసుకున్నారు కాని కాళ్లకు ఇంటి చెప్పులే ఉన్నాయి. దరఖాస్తు తీసుకున్నారు, రసీదు చూశారు, అయిదో నంబరు పుస్తకంలో ఆమె చేత సంతకం, వేలిముద్ర వేయించారు. కవరు ఆమె చేతికిచ్చి, మేమిద్దరం గోడవైపు తిరిగాం. లక్క విరిగిన చప్పుడు వినపడింది. కాగితం మడతలు విప్పిన చప్పుడు వినపడింది. తరువాత చాలాసేపు ఏమీ వినపడలేదు.

"ఇది ఆయనది," అన్నారు శారదాంబ గారు.

రాజలింగం గారు వెనక్కి తిరిగి గడియారం చూసుకున్నారు. ఇప్పుడు వెంకటరత్నం గారి కవరు కూడా తెరవక తప్పదు. అది ఆయన మాత్రమే అడగాలి. ఆయనకు చెప్పక తప్పదు. ఆమె కుర్చీలో కూర్చుని, ఈ పూట ఆయనకు ఇది చెబితే గుండె ఏమవుతుందో డాక్టరును అడగాలన్నారు. రాజలింగం గారు పెట్టెలోంచి రెండో కవరు తీసి, పుస్తకంతోపాటు తన సంచీలో పెట్టుకుని, పెట్టెకు తాళం వేశారు. సాయంత్రం ఆయనను చేర్పించాక ముగ్గురం ఆసుపత్రికి వెళ్లాం.

ఆసుపత్రిలో డాక్టరు పదిహేను నిమిషాలు ఇచ్చారు. శారదాంబ గారు మంచం దగ్గరికి వెళ్లి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక దుప్పటి అంచు సవరించసాగారు. వెంకటరత్నం గారు ఆమె వెనక నిలబడ్డ మమ్మల్ని చూశారు.

"కవర్ల సంగతేనా?" అన్నారు.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"కాగితాలు కిందపడ్డ చప్పుడు విన్నాను. ఈ కుర్రాడు తీసిన చప్పుడూ విన్నాను. నువ్వొచ్చి తిరగేసి చూసిన చప్పుడు వినపడలేదు. మూణ్ణాళ్లుగా అదే ఆలోచన. నీతో అంటే కంగారు పడతావని ఊరుకున్నా."

"నేను మీతో అంటే ఏమవుతుందోనని డాక్టర్ని అడిగొచ్చానండీ," అన్నారు ఆమె. ఆయన నవ్వబోయి ఛాతీ పట్టుకున్నారు. ఆమె కోప్పడ్డారు.

ఆయన దరఖాస్తు మీద సంతకం పెట్టి తన కవరు తెరిచారు. అందులో ఆమెది ఉంది. నేను కొత్త కవర్లు తీసి బల్ల మీద పెట్టబోతే ఆయన ఆపారు. షూటింగులో బొమ్మ ఒకచోట, శబ్దం వేరొకచోట రికార్డవుతాయని, అందుకే కెమెరా తిరిగాక క్లాపు కొట్టేవాడు పలక మీది సీను నంబరు, టేకు నంబరు చూపిస్తూ అవే పైకి చదువుతాడని చెప్పారు. రెండింటిలోనూ ఒకే మాట ఉంటేనే ఎడిటింగ్ గదిలో ఏ శబ్దం ఏ బొమ్మదో తెలుస్తుంది. "డబ్బా మీది లేబుల్ని మేం నమ్మం. లోపల మాట పలికించుకుంటాం. ఇక్కడా అంతే. ఒక్క వాక్యం చాలు," అన్నారు.

ఆ ప్రకారమే చేశాం. ఆయన తన వీలునామా విప్పి మొదటి వాక్యం మాత్రం పైకి చదివారు, తన పేరు, తండ్రి పేరు. నేను కవరు మీది పేరు పైకి చదివాను. రెండూ కలిశాక కాగితం ఆయన చేతులతోనే లోపలికి పోయింది, నేను లక్క పోశాను. ఆమెదీ అలాగే. రెండు పత్రాలూ ఒకేసారి బల్ల మీద ఉండకుండా చూశాం. వార్డు డాక్టరు, పక్క గదిలోని రోగి తమ్ముడు సాక్షులుగా సంతకాలు చేశారు.

అయిదో నంబరు పుస్తకంలో కారణం రాసే గడి ఖాళీగా ఉంది. సిబ్బంది పొరపాటున అని మొదలుపెట్టాను. రాజలింగం గారు కలం మీద వేలు పెట్టి ఆపారు.

"పొట్టిగ రాయకు. ఎవరు తీసిండ్రు, ఎట్ల పడ్డయి, ఎందుకు చూడలే, ఎన్నడు చెప్పినవ్, అన్నీ రాయి. నీ చేతితోనే రాయి."

రాశాను. గడి చాలక మార్జిన్‌లోకి పోయింది. మరుసటి వారం నాకు సంజాయిషీ మెమో వచ్చింది. ఆ ఏడాది ఇంక్రిమెంటు ఆగింది. ఇంట్లో అమ్మకు చెప్పడానికి నెల పట్టింది.

వెంకటరత్నం గారికి ఆపరేషన్ జరిగింది. మూడు రోజులు బాగానే ఉన్నారు. ఏడో రోజున పోయారు.

నెల తరువాత శారదాంబ గారు మరణ ధ్రువపత్రంతో దరఖాస్తు పెట్టారు. కబురు అందుకుని అన్నగారి పెద్దకొడుకు ఏలూరు నుంచి ఒక వకీలుతో వచ్చారు. వకీలు వయసు మళ్లిన మనిషి. కవరు, ముద్ర, ఉంగరం అక్షరాలు పరీక్షగా చూశారు. తరువాత అయిదో నంబరు పుస్తకం అడిగి, శుక్రవారం ఒక డిపాజిట్, ఆదివారం ఇంకొకటి ఉన్నాయని గమనించారు. మంచానపడ్డ మనిషి రెండు రోజుల్లో రెండుసార్లు ఎందుకు డిపాజిట్ చేశారండీ అని అడిగారు. అన్నగారి కొడుకు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆ ప్రశ్న కోసమే ఏలూరు నుంచి వచ్చినట్టు కనిపించాడు. శారదాంబ గారు కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చున్నారు.

రాజలింగం గారు పుస్తకాన్ని వకీలు వైపు తిప్పి, నేను రాసిన చోట వేలు పెట్టారు. ఆయన మార్జిన్‌తో సహా చదివారు. వెనక్కి వెళ్లి మళ్లీ చదివారు. ఆసుపత్రి డాక్టరు సంతకం చూశారు.

"ఈ జూనియర్ అసిస్టెంటు మీరేనా?" అని నన్ను అడిగారు.

అవునన్నాను.

"ఇంత రాశాక, ఇక అడగడానికి మాకేం మిగిల్చారు?" అని పుస్తకం మూసి, కవరు తెరవవచ్చునన్నారు. రాజలింగం గారు తెరిచి మొదటి వాక్యం చదివారు. అది వెంకటరత్నం గారి పేరుతో మొదలైంది. ఆ మధ్యాహ్నమే నేను దాన్ని మూడో నంబరు పుస్తకంలోకి ఎత్తాను. దావా ఎవరూ వేయలేదు. ఇల్లు అమ్ముడుపోలేదు.

ఈ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నవి రెండు. పత్రం ఎవరిదో చూడటం, అందులో ఏముందో చదవడం వేరువేరు పనులు. మొదటిది మానేస్తే రహస్యం కాపాడినట్టు కాదు. రెండోది, పుస్తకంలో పూర్తిగా రాసిన పొరపాటు ఆ పత్రానికే సాక్ష్యంగా నిలబడుతుంది. దాచిన పొరపాటు ఎదుటి పక్షం చేతికి దొరుకుతుంది. తరువాత నేను సబ్ రిజిస్ట్రారునై, చివరి నాలుగేళ్లు జిల్లా రిజిస్ట్రారుగా పనిచేసి పదవీ విరమణ పొందాను. డిపాజిట్‌కు వచ్చిన ప్రతి ఒక్కరి చేతా, లక్క కరగకముందే, మొదటి వాక్యం పైకి చదివించాను. కొందరు విసుక్కున్నారు. చదివించకుండా ఒక్క కవరు కూడా తీసుకోలేదు.